బాబాయి కూర్చున్న చోట పసుపునీళ్లు

మొన్న మంగళవారం పొద్దున మా బాబాయి పోయాడు. తిరువూరు బస్టాండు పక్కన మోటార్ల వైండింగు కొట్టు తెరుస్తూ, గుండె పట్టుకుని అక్కడే కూలబడ్డాడట. డాక్టరుగారు గుండెపోటన్నారు. ఊరు మాత్రం "ఆ కిరణాలే తినేశాయి" అంది. ఆ మాట పుట్టడంలో మా ఇంటి చెయ్యి ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

బాబాయి ఎక్కడో ఉత్తరాదిన అణు విద్యుత్ కేంద్రంలో వెల్డరుగా పనిచేసేవాడు. ఒకరోజు గొట్టం కారి, దగ్గరున్నవాళ్ల మీద రేడియేషన్ పడింది. ఎంత పడిందో తెలియడానికి పనివాళ్లు ఛాతీకి తగిలించుకునే ఫిల్ము బిళ్లను అక్కడి అధికారులు కడిగి చూసి, ఏడాదికి పడొచ్చన్నంతలో చాలావరకు ఆ ఒక్కపూటే పడిందని, హద్దు మాత్రం దాటలేదని చెప్పారట. ఆ ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చాడు.

మా అమ్మకు అది మైలలాగే అర్థమైంది. మరిదికి కాఫీ గ్లాసు వేరుగా పెట్టింది. ఆయన కూర్చుని లేచిన అరుగు మీద పసుపునీళ్లు చల్లేది. అమ్మ చెడ్డదేం కాదు, ఆయనకిష్టమని ఏటా మాగాయ ప్రత్యేకంగా పెట్టి పంపేది. కానీ పసుపునీళ్ల సంగతి వీధిలో పడింది. బాబాయికి పెళ్లి సంబంధాలు రావడం ఆగిపోయింది.

ఆయన మాత్రం నవ్వేవాడు. "నన్నక్కడే సబ్బు పెట్టి తోమి తోమి పంపారొదినా. ఒంటికంటిన దుమ్మయితే కడిగితే పోద్ది. దూసుకుపోయిన కిరణం ఒంట్లో కాపరం పెట్టదు. పొయ్యి దగ్గర కూర్చుంటే ఒళ్లు కాలుద్ది గానీ, నువ్వే పొయ్యివైపోతావా?"

"ఏమో నాయనా, పిల్లలున్న ఇల్లు," అనేది అమ్మ.

ఎంత పడింది, ఎంతసేపు, ఎంత దూరంలో? ఏ భయానికైనా ఇవే అడిగేవాడు. ఉరుముకి నేను వణికితే, "ఎంత దూరంలో అమ్మాయ్?" అనేవాడు. పెనుగొలను నుంచి మోటారు తెచ్చిన రైతు దాన్ని తిరిగి తీసుకోవడానికి జంకితే, అతనికీ ఓపిగ్గా అదే పాఠం చెప్పేవాడు. నేను కాలేజీలో ఫిజిక్సు చదివాను. ఆయన చెప్పేది నిజమని నాకు తెలుసు.

ఈ వేసవిలో అమెరికాలో అణు కేంద్రం ప్రమాదం గురించి రేడియోలో చెప్పాక ఊళ్లో భయం మళ్లీ రాజుకుంది. అప్పుడు నేను పురిటికొచ్చి పుట్టింట్లోనే ఉన్నాను. బాబాయి తలంటు పోసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని నా బిడ్డను చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి చేతులు చాచాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అమ్మ అప్పుడు ఇంట్లో లేదు. ఆ అడుగు వెయ్యమని నాకెవరూ చెప్పలేదు.

ఆయన చేతులు దించేశాడు. "అక్కడే ఉంచమ్మా, బాగానే కనపడుతున్నాడు. నా చేతులకి గ్రీజుంది," అన్నాడు. గ్రీజు లేదు. నేను సిగ్గుపడకుండా ఉండాలని అన్న మాట అది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా గుమ్మం దాటలేదు. నా కాపురమూ ఈ ఊళ్లోనే. రేపు ఎత్తుకోమందాం, వచ్చే వారం ఎత్తుకోమందాం అనుకుంటూనే నెలలు గడిపేశాను.

మంగళవారం ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. చాలామంది వచ్చారు. వచ్చినవాళ్లంతా గోడవారనే నిలబడ్డారు. ఆయన చుట్టూ అంత జాగా ఖాళీగా మిగిలిపోయింది. నాకు ఒళ్లు మండింది, కానీ ఎవరిననగలను? ఇంతలో మా వాడు నా ఒళ్లోంచి జారి పాకడం మొదలుపెట్టాడు.

"బిడ్డ, బిడ్డని పట్టుకో," అన్నారెవరో.

నేను పట్టుకోలేదు. వాడు వాకిలంతా పాకి, బాబాయి పక్కన చతికిలబడి, ఆయన వేలు పట్టుకుని లాగాడు. వేలు జారిపోయింది. వాడు మళ్లీ పట్టుకున్నాడు.