ఎనభై అయిదో నంబరు సీసా

ఆస్టటైన్ అనే పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పాపం, ఆ మూలకం చేసిన తప్పేమీ లేదు.

హోసూరు దగ్గర ఒక బడిలో నేను కెమిస్ట్రీ చెబుతాను. ఆ ఏడాది కృష్ణగిరిలో జరిగే సైన్సు ప్రదర్శనకు, బేరిగై పల్లె నుంచి మా బడికి వచ్చే పదో తరగతి అమ్మాయిని తయారుచేశాను. గెలిస్తే ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో, సైన్సు గ్రూపు, లేదంటే ఊరికి దగ్గర్లోనే కామర్స్ అని వాళ్ల నాన్న ముందే తేల్చేశాడు. టమాటా, బీన్స్ పండించే మనిషి, మాటంటే మాటే. ఆ పిల్లకేమో సైన్సు తప్ప ఇంకేదీ పట్టదు.

హాలోజన్ల కుటుంబాన్ని సీసాల్లో చూపిద్దామని తనే అంది. క్లోరిన్ పసుపు కలిసిన ఆకుపచ్చ వాయువు, బ్రోమిన్ ఎర్రటి ద్రవం, అయొడిన్ నల్లటి పలుకులు. ఆ తర్వాత ఆస్టటైన్, పరమాణు సంఖ్య ఎనభై అయిదు. దాని కేంద్రకానికి నిలకడ లేదు, రేడియేషన్ చిమ్ముతూ విరిగిపోతుంటుంది. అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండే రకం కూడా ఎనిమిది గంటలు గడిచేసరికి సగమే మిగులుతుంది. కంటికి కనిపించేంత పోగుచేస్తే తన వేడికి తనే ఆవిరైపోతుందంటారు. నల్లగా ఉండొచ్చని లెక్కలు కట్టారే తప్ప, దాని రంగు చూసి చెప్పినవాళ్లు లేరు. అందుకని ఆ సీసా ఖాళీగా పెట్టి, ‘దీన్ని ఎవరూ చూడలేదు’ అని చీటీ అంటిస్తానంది. ఇంత మంచి ఆలోచన నాకు రానందుకు కొంచెం కుళ్లుకున్నాను కూడా.

రసాయనాలున్న సీసాలు నేను తెచ్చాను. ఖాళీదే కదా అని, చీటీ అంటించడానికి ఆ ఒక్కదాన్నీ తను ఇంటికి తీసుకెళ్లింది. ప్రదర్శన పొద్దున సంచిలోంచి తీస్తే దాన్నిండా రాగులు! వాళ్ల అవ్వ పని. మా వైపు ఇంట్లోంచి ఉత్త గిన్నె బయటికి పోకూడదు. పక్కింటి గిన్నె తిరిగిచ్చినా నాలుగు గింజలు వేసే ఇస్తారు. నేను తల పట్టుకున్నాను. ఆ అమ్మాయి నవ్వి, రాగులు చున్నీ కొంగులో మూటకట్టుకుని, సీసా తుడిచి బల్ల మీద పెట్టింది.

న్యాయనిర్ణేత వచ్చాడు. ఆ అమ్మాయి తడబడకుండా అంతా చెప్పింది. ఆయన అంతా విని, నమూనా ఏదని అడిగాడు. ఉండదు సార్ అని మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. పక్క బల్ల మీద ఉంది కదా అన్నాడాయన. వెళ్లి చూస్తే అక్కడ వేరే బడి పిల్లలు పెట్టిన మూలకాల సీసాల్లో, ఆస్టటైన్ చీటీ కింద మెత్తగా నూరిన బొగ్గు పొడి. నాకు కోపం ఆగలేదు. అది నిజంగా ఆస్టటైన్ అయితే ఈ హాల్లో మనం నిలబడగలమా అని అడిగేశాను.

“వాళ్లు ఏదో ఒకటి కష్టపడి చేసి తెచ్చినారు మేడమ్. మీ పిల్ల ఉత్త సీసా తెచ్చింది,” అన్నాడు.

మొదటి బహుమతి బొగ్గుకే వచ్చింది.

వాళ్ల నాన్నతో మాట్లాడదామని సాయంత్రం ఆ పిల్లతోపాటు బస్సెక్కి బేరిగై పోయాను. దారంతా ఆయనకు చెప్పాల్సినవి మనసులో కూర్చుకున్నాను. ఆయన ఓపికగా విని, చూద్దాంలేమ్మా అని పాలు పితకడానికి లేచాడు. ఆ మాటకు అర్థమేమిటో మా ముగ్గురికీ తెలుసు.

అవ్వ సంచిలోంచి సీసా తీసి, ఖాళీగా ఉండటం చూసింది.

“ఉత్త బుడ్డి తీస్కపోతే పని యాడ అయితాది టీచరమ్మా? నేను రాగులు పోసిందే అందుకు,” అంది.

అది కాదవ్వా అనబోయి ఆగిపోయాను. సీసా నింపినవాళ్లే గెలిచారని చెబితే ఆవిడ మాటే నిజమవుతుంది. చెప్పకపోయినా అదే నిజం.

ఆ అమ్మాయి చున్నీ ముడి విప్పి, రాగులు మళ్లీ ఆ సీసాలోనే పోసి అవ్వ చేతికిచ్చింది. జూన్‌లో కామర్స్‌లో చేరింది.