ఉల్టా అక్షరాల కీబోర్డు

"మేడమ్‌గారూ, మీ చేతులు ఇక రెస్ట్ అడుగుతున్నాయండీ," అన్నాడు మా కొత్త మేనేజర్, నవ్వుతూ, పదిమంది ముందు.

పంజాగుట్టలో డీటీపీ ఆఫీసు మాది. పెళ్లిపత్రికలు, కోచింగ్ సెంటర్ల మెటీరియల్, అప్పుడప్పుడు ఎవరో ఒకరి కవిత్వం. అవన్నీ పాతికేళ్లుగా నా వేళ్ల మీదుగానే అచ్చుకెళ్లాయి. ఈ మేనేజర్ వచ్చీ రాగానే పాత కీబోర్డులన్నీ తీయించి, అప్పడాల్లాంటి పల్చటివి పెట్టించాడు. చూపుకు బాగుంటాయట. వాటి మీద మీట పడిందో లేదో వేలికి తెలియదు. అక్షరాలు ఎగిరిపోతాయి, వెనక్కి వెళ్లి దిద్దుకోవాలి, సాయంత్రానికి వేళ్ల కణుపులు సలుపుతాయి. దాంతో పని ఆలస్యమైతే తప్పు నా వయసుదట!

ఒళ్లు మండిపోయింది. మెట్రోలో నిలబడ్డంత సేపూ అతనితో మనసులో పోట్లాడుతూనే ఉన్నాను. యాభై దాటితే ఇంటికి పంపేస్తారా? ఈ ఉద్యోగం పోతే నేనేం చెయ్యను, సీరియళ్లు చూస్తూ కూర్చోనా? పోను. పోయే ప్రసక్తే లేదు.

అమీర్‌పేటలో నేను పని నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో మీగడరంగు కంప్యూటర్లు ఉండేవి. వాటి కీబోర్డులు ఇటుకంత బరువు. మీట లోతుగా దిగేది, దిగగానే టక్కున బదులు చెప్పేది. నాకు అలాంటిది కావాలి. బజార్లో దొరక్కపోతే చేయించుకుంటాను, అంతే.

అదే అమీర్‌పేటలో ఒక కాంప్లెక్సు సెల్లారులో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ ఉన్నాడు. సంగతి విని తల గోక్కున్నాడు.

"అమ్మా, అందరు సైలెంట్‌ది కావాలంటున్రు. మీరేమో చప్పుడు అడుగుతున్రు!"

"చప్పుడే కావాలి భాయ్. మీట పడిందని వేలికి తెలియాలి."

"ఐతే మస్తు చేద్దాం. ఫికర్ చేయకండి."

నొక్కితే టక్కుమనే రకం స్విచ్‌లు ఆన్‌లైన్‌లో తెప్పించాం. సెలవు దొరికినప్పుడల్లా అతని పక్కన స్టూలు వేసుక్కూర్చుని నేనూ టంకం పెట్టాను. మొదట్లో వేళ్లు కాల్చుకున్నాను. "జర దూరం పట్టుకోండమ్మా," అంటూనే ఉన్నాడు పాపం. పాత సీపీయూ డబ్బా ఒకటి మూల పడి ఉంటే, దాని రేకు కోసి, వంచి, కీబోర్డుకు పెట్టె చేశాడు. అచ్చం ఆ మీగడరంగే. రంగు వేస్తానంటే నేను ఒప్పుకోలేదు.

మీటలు మాత్రం అక్షరాల్లేనివి కొన్నాను. తెలుగు కొట్టి బతికిన మనిషిని, ఇన్నాళ్లూ కొట్టింది ఇంగ్లీషు అక్షరాల మీద! ఈసారి నా మీటల మీద నా అక్షరాలే ఉండాలి, పాత తెలుగు టైపురైటర్ వరుసలో. వాటిని చెక్కమని రబ్బరు స్టాంపులు చేసే దుకాణంలో ఇచ్చాను. తయారయ్యాయంటే వెళ్లి పొట్లం విప్పాను. ప్రతి అక్షరమూ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

"ఏంటన్నా ఇది?"

దుకాణదారు ఒక మీట ఎత్తి చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో మేడమ్! కాగితం మీద సీదా పడాలని స్టాంపులు ఉల్టా చెక్కుతం గదా. చెయ్యికి గదే అలవాటైంది. ఇవి సుత గట్లనే కొట్టిన. వేరేవి తెచ్చియ్యుండ్రి, పైసలు తీస్కోకుంట ఊకెనే చేసిస్త."

వేరేవి తెప్పించాలంటే మళ్లీ ఎదురుచూపులు. అన్నాళ్లూ మళ్లీ ఆ అప్పడాల మీదేనా? ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. అసలు నేను మీటల వంక చూసి కొట్టిందెప్పుడు గనక?

"ఉల్టాయే ఉండనీ అన్నా. ఇచ్చెయ్."

సోమవారం ఆఫీసులో నా బల్ల మీద దాన్ని పెట్టి మొదలుపెట్టాను. టకటకమని చప్పుడు. అందరి తలలూ ఇటు తిరిగాయి. నా వేళ్లకు ప్రాణం లేచొచ్చింది. మేనేజర్ గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏంటండీ ఈ గోల? ఏంటి, ఈ అక్షరాలు తిరగబడి ఉన్నాయి?"

"పడ్డం తిన్నగానే పడుతున్నాయండీ," అని స్క్రీను చూపించాను. ఒక్క తప్పు లేదు. విసురుగా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కొట్టమని నాకొక కాగితం పంపాడు. 'డీటీపీ ఆపరేటర్ కావలెను. వయసు ముప్పై లోపు.' మా ఆఫీసులో ఇంకో కుర్చీ వేసే జాగా లేదు. మిగతా ఆపరేటర్లందరూ పిల్లలే. అంటే ఖాళీ కాబోయేది నా కుర్చీ. ఆ ప్రకటన నా చేతే కొట్టిస్తున్నాడు! ఎంత పొగరు! అయినా కొట్టాను, ప్రింటు తీశాను, అతని గదిలోకి పట్టుకెళ్లాను.

"అయిందండీ. వయసు మాట మాత్రం తీసేశాను."

"ఎందుకు తీశారు?"

"ఈ ఉద్యోగానికి నేనూ అప్లై చేస్తున్నాను. నాకు వయసు అడ్డం వస్తుంది కదా, అందుకని."

తెల్లమొహం వేశాడు. "అదేంటండీ, ఆ ఉద్యోగంలో ఉన్నది మీరే కదా!"

"హమ్మయ్య. ఆ మాట మీ నోటితోనే వచ్చింది."

నా టకటకలు లోపలికి వినబడాలని అతని గది తలుపు కావాలనే బార్లా తెరిచి ఉంచి వచ్చాను. నా కుర్చీలో కూర్చుని తర్వాతి పెళ్లిపత్రిక మొదలుపెట్టాను.