తలకిందులైన లావా ముక్క

ఖతర్‌లో అగ్నిపర్వతాలు లేవు. ఎక్కడ తవ్వినా సున్నపురాయే. నన్ను కుదురుగా ఉండనివ్వనిది మాత్రం ఎర్ర సముద్రం ఒడ్డున ఎప్పుడో గడ్డకట్టిన లావా. అక్కడి అగ్నిపర్వతాల నేలలో బోరు వేసి తీసిన రాతి కడ్డీలు పరీక్షకని దోహాలోని మా ల్యాబుకు వచ్చాయి. ఆ నేల మీద ఏదో కట్టాలని క్లయింటు ఆలోచన. అగ్నిపర్వతం ఎన్నిసార్లు పొంగిందో పొరలు చూసి రాయడం నా పని.

పై నుంచి కిందికి చూస్తూ రాశాను: లావా, ఎర్రమట్టి, మళ్ళీ లావా, దాని కింద సముద్రపు గవ్వలు. రెండుసార్లు పొంగిందన్నమాట! ఎంత సంబరపడ్డానో.

మేనేజర్ వచ్చి పెట్టెలో ముక్కలు కలిపి చూశాడు. విరిగిన అంచులు అతకలేదు. సగం నలుపు, సగం ఎరుపు ఉన్న జానెడు ముక్కను తిప్పి పెట్టాడు. చక్కగా సరిపోయింది. పైన లావా అంతా ఒకటే, ఎర్రమట్టి దాని వేడికి ఇటుకలా కాలిన నేల. పొంగింది ఒక్కసారే.

"ఎవరు పెట్టారిలా?"

"ఇంకెవరు, పేర్చేవాడే!" అని అరిచాను. పెట్టెలు సర్దే ఆ జగిత్యాల మనిషి పక్కనే ఉన్నాడు, నాకన్నా పెద్దవాడు. మర్నాడే అతన్ని ల్యాబు నుంచి తీసేసి రోడ్డు పని సైటుకు మార్చారు. మండే ఎండాకాలం.

కోపం దిగింది గానీ మనసు నిలవలేదు. అల్ ముంతజాలో మా ఇంట్లో ఆ గదికీ ఈ గదికీ తిరగడమే. "కాలుకాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు?" అన్నారు మావారు. రిపోర్టు సరిచేద్దామని, పరీక్ష రోజు ల్యాబులో తీసిన ఫొటోలు ఫోన్‌లో తెరిచాను. మొదటి ఫొటోలో ముక్క సరిగ్గానే ఉంది. రెండోదాంట్లో నా చేతిలో ఉంది, రంగు తేలాలని తడుపుతున్నాను. మూడోదాంట్లో తలకిందులు. ఛీ, తిప్పింది నేనే!

శుక్రవారం నజ్మాలో అతను ఉండే గది వెతుక్కుంటూ వెళ్ళాను. మెట్ల దగ్గరే కనిపించాడు. మొహం నల్లగా కమిలిపోయి ఉంది. తప్పు నాదేనని చెప్పేశాను.

"నాకెర్కే మేడం," అన్నాడు. "రాయి తలకిందులు వెట్టిన్రని ఆ దినమే చెప్పిన గద. 'యల్లా, పో, నీ పని నువ్వు చూస్కో' అన్నరు."

అలా అన్నట్టు నాకు గుర్తే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆదివారం ఆఫీసులో అందరికీ చెప్తాను. మిమ్మల్ని వెనక్కి పిలిపిస్తాను."

"చెప్పుండ్రి, మంచిదే. గని నన్ను పిలువకుండ్రి. ఆడ కాల్చేది ఎండొక్కటే మేడం."

ఆదివారం పొద్దున్నే చెప్పాను. మేనేజర్ కబురు పంపాడు. అతను రాలేదు.