అందరం తెరిచే లేబుళ్ళ ఫోల్డర్

ఆరేళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డాక నా మోకాళ్ళు ఇక మా వల్ల కాదన్నాయి. కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో ఒక టైర్ల షాపు వెనక ఉంది మా కిచెన్. పొడులు, పచ్చళ్ళు, జంతికలు చేసి చుట్టుపక్కల ఊళ్ళలోని ఇండియన్ స్టోర్లకు పంపుతాం. నేలంతా సిమెంటు. చలికాలంలో ఆ చల్లదనం చెప్పుల్లోంచి పైకెక్కి మోకాలి చిప్ప కింద కూర్చునేది. డాక్టరమ్మ నిలబడే పని మానెయ్యమంది. మానేస్తే ఇంట్లో కూర్చోవాలి. మా ఆయన పొద్దున్నే వేర్‌హౌస్‌కు పోతే మళ్ళీ సాయంత్రమే రావడం. అంతసేపు గోడల్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

మా యజమానురాలు గుంటూరు అమ్మాయి. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నన్ను పిన్నిగారూ అని పిలుస్తుంది.

"ఆఫీసు గదిలో కూర్చోండి పిన్నిగారూ. ఫోను ఎత్తడం, ఆర్డర్లు ఎక్కించడం, లేబుళ్ళు చూడటం. ఒక నెల చూద్దాం. కుదిరితే ఆ కుర్చీ మీదే."

"కుదరకపోతే?"

"కుదరకపోతే అప్పుడు చూద్దాం లెండి" అని అటు తిరిగింది. పొయ్యి దగ్గరికి నేను తిరిగి పోలేనని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కుదరకపోతే ఇంటికే.

నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పట్టుకుని కూడబలుక్కుంటాను. కానీ ఒకసారి చూసింది, విన్నది నన్ను వదిలిపోదు. మా చిన్నప్పుడు ఎవరింటి పెళ్ళిలో ఏ కూర తర్వాత ఏ కూర వడ్డించారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ ధైర్యంతోనే కుర్చీలో కూర్చున్నాను.

ఆఫీసు గది చిన్నది. ఒక బల్ల, దాని మీద కంప్యూటర్, బల్ల కింద దాని డబ్బా. గోడకు అవతల కిచెన్. అక్కడ ప్యాకింగ్ బల్ల మీద ఒక లాప్‌టాప్, లేబుళ్ళు అచ్చేసే ప్రింటర్ ఉంటాయి. ఈ కంప్యూటర్‌నూ, ఆ లాప్‌టాప్‌నూ కలిపి పెట్టింది యజమానురాలి తమ్ముడు. మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంతకు ముందు లేబుళ్ళ ఫైళ్ళు రెండు చోట్లా వేరువేరుగా ఉండేవట. ఇక్కడ మార్చింది అక్కడ మారక, నువ్వులు వేసిన కారప్పొడికి నువ్వులు లేని పాత లేబులు అంటించి పంపారట. నువ్వులు పడనివాళ్ళు తింటే ప్రాణం మీదికి వస్తుంది. అప్పటినుంచి ఒకటే ఫోల్డర్, దాన్నే అందరూ తెరవాలి అని నియమం పెట్టాడు.

మొదటి రోజు అతనే దగ్గరుండి నేర్పాడు. గోంగూర పచ్చడి లేబులు తెరిచి, ప్రింట్ అని ఉన్నచోట నొక్కించాడు. నా ముందు ఏమీ జరగలేదు. గోడ అవతలినుంచి మాత్రం "ఎవలు పంపిండ్రు ఇది?" అని కేక వినిపించింది. నేను ఇక్కడ వేలు ఆనిస్తే అక్కడ కాగితం పుట్టింది! ఆ పూట అవసరం లేకపోయినా ఇంకో రెండు పంపాను.

కేక వేసిన ఆవిడ కరీంనగర్ మనిషి. ఇంటర్ చదివింది. పొద్దున ఆరు గంటల షిఫ్టు ఆవిడదే. రాత్రి ఆరబెట్టిన సరుకు డబ్బాల్లోకి ఎత్తి, లేబుళ్ళు అచ్చేసి అంటిస్తే ఎనిమిదింటికి వ్యాను బయలుదేరుతుంది. నేను తొమ్మిదికి వచ్చి ఆఫీసు గది తాళం తీస్తాను. గది తాళంచెవి ఒకటి నా దగ్గర, ఒకటి యజమానురాలి దగ్గర. ఇంకెవరికీ లేదు.

సాయంత్రం అయిదింటికి నా పని ముగిసేది. టీ కప్పు కడిగి బోర్లించి, బల్ల తుడిచి, కంప్యూటర్ ప్లగ్గు లాగి, వైరు చక్కగా చుట్టి పక్కన పెట్టి, గదికి తాళం వేసేదాన్ని. ఇక్కడి గోడల్లో ప్లగ్గులకు స్విచ్చులు ఉండవు కదా, ఆపాలంటే లాగాల్సిందే. మా ఇంట్లో మిక్సీ, టీవీ, ఇస్త్రీ పెట్టె, ఏదైనా వాడాక లాగేస్తాం. మా పక్కింట్లో ఒకసారి ఉరుము ఉరిమి టీవీ పేలి కిటికీ తెరలు అంటుకున్నాయి. నా కళ్ళతో చూశాను. అప్పటినుంచి గోడకు వైరు తగిలించి ఇల్లు వదిలి వెళ్ళిందే లేదు. పొద్దున వచ్చి మళ్ళీ తగిలించేదాన్ని. కంప్యూటర్ లేచేలోగా టీ కాచుకునేదాన్ని.

రెండో రోజు పొద్దున ఆరున్నరకు ఇంట్లో నా ఫోను మోగింది.

"అక్కా, లేచినవా? గీ లేబుల్ల ఫోల్డర్ తెరుస్తలేదు."

"ఏమంటోంది?"

"దొరుకుతలేదంటున్నది. రెండుసార్లు బందువెట్టి మల్ల చాలు జేసిన. గదే మాట. వ్యాను టైమయితున్నది, ఎట్ల జెయ్యాలె?"

"ఏ సరుకు వెళ్ళాలి ఇవాళ?"

"కందిపొడి, కరివేపాకు కారం, జంతికలు, మాగాయ."

"కాగితం తీసుకో. నేను చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో రాయి."

కళ్ళు మూసుకుని చెప్పాను. లేబులు మీద ఎక్కువ బరువున్నది ముందు రావాలి, అదొక పద్ధతి. కందిపప్పు, వేయించిన శనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు, ఇంగువ. ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది కాబట్టి కింద గోధుమ అని వేరేగా రాయాలి. మాగాయలో ఆవాలు, మెంతులు. కింద ఆవాలు అని రాయాలి. ఆరేళ్ళు నా చేత్తో కలిపినవే కదా. నాలుగు సరుకులూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను.

"నీ తలకాయల కంప్యూటర్ వెట్టినవా ఏందక్కా?" అంది ఆవిడ.

నేను తొమ్మిదింటికి వెళ్ళి ప్లగ్గు పెట్టి చూస్తే, ఫోల్డర్ హాయిగా తెరుచుకుంది. గోడ అవతల లాప్‌టాప్‌లోనూ తెరుచుకుంది. "ఇప్పుడు బాగానే ఉందిగా" అన్నాను. "పొద్దున లేకుండె" అని ఆవిడ అన్నం మీద ఒట్టు పెట్టుకుంది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. ఆరున్నరకు ఫోను, నేను చెప్పడం, ఆవిడ రాయడం. నిజం చెప్పాలంటే నాకు ఆ ఫోను బాగుండేది. మోగకముందే లేచి, ఫోను పక్కన పెట్టుకుని కాఫీ తాగుతూ ఎదురుచూసేదాన్ని. మా ఆయన "ఏంటి, ప్రైమ్ మినిస్టర్ ఫోనా?" అని ఏడిపించేవాడు.

శుక్రవారం ఒక స్టోరు వాళ్ళు చేత్తో రాసిన డబ్బాలు మాకొద్దని తిప్పి పంపారు. వ్యాను డ్రైవరు రెండు పెట్టెలు తెచ్చి కిచెన్ మధ్యలో దించాడు. యజమానురాలు మొహం ఎర్రగా చేసుకుని కరీంనగర్ ఆవిడ మీద పడింది.

"తొమ్మిదింటికి పనిచేసేది ఆరింటికి ఎందుకు చేయదండీ? మీరు ఏదో నొక్కుతున్నారు. తెలియకపోతే ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"నేనేం నొక్కలే మేడమ్. తెరుస్తున్న, గంతే."

"పిన్నిగారు కూడా కొత్తే. ఆవిడ దగ్గర పనిచేస్తోంది కదా మరి?"

డ్రైవరు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ తిరిగొచ్చిన డబ్బాల మీది కాగితాలు గోటితో గీకి తీస్తూ కూర్చుంది. ఆ అక్షరాలు ఆవిడవి, మాటలు నావి. అయినా తిట్లు ఆవిడకే.

శనివారం తమ్ముడు మార్కమ్‌నుంచి వచ్చాడు. గోడ పక్కనున్న వైర్లు చూశాడు, వైఫై పెట్టె చూశాడు, లాప్‌టాప్‌లో ఏవేవో తెరిచి మూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఆంటీ, మీరు సాయంత్రం షట్‌డౌన్ చేయట్లేదుగా?"

"లేదు బాబూ, నాకది తెలియనే తెలియదు" అన్నాను. అబద్ధం కాదు. ఆ మాట ఎప్పుడూ వినలేదు. నేను లాగేది ప్లగ్గు.

యజమానురాలు లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఈ వారం పిన్నిగారు లేకపోతే మునిగిపోయేవాళ్ళం రా. అన్ని లేబుళ్ళూ నోటికి చెప్పారట. నెల దాకా ఎందుకు పిన్నిగారూ, ఈ కుర్చీ ఇక మీదే."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంబరంలో, ఏదో ఒకటి మాట్లాడాలని, తమ్ముణ్ణి అడిగాను. "ఆ లేబుళ్ళు ఇందులోనూ ఉంటాయి, ఆ లాప్‌టాప్‌లోనూ ఉంటాయి కదా బాబూ?"

"లేవు ఆంటీ. అన్నీ మీ బల్ల కింద ఉన్న ఈ డబ్బాలోనే ఉన్నాయి. లాప్‌టాప్ అక్కణ్ణించి ఇందులోకి తొంగిచూస్తుంది, అంతే. ఇది మేలుకుని ఉంటేనే దానికి కనిపిస్తాయి."

బల్ల తుడుస్తున్న గుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. మేలుకుని ఉంటే! సాయంత్రం అయిదునుంచి పొద్దున తొమ్మిది దాకా దాన్ని నిద్రపుచ్చుతున్నది నేనే. నేను ఇన్నాళ్ళూ ఆ ఫైళ్ళు వైఫైలో ఎక్కడో గాలిలో ఉంటాయనుకున్నాను. ఆవిడ చేతిలో ఏ తప్పూ లేదు. ఫోనులో చెప్పి నేను తీర్చిన కష్టం నేను తెచ్చిపెట్టిందే.

చెప్పాల్సింది అప్పుడే. నోరు రాలేదు. ఇచ్చిన కుర్చీ ఇంకా వేడెక్కనైనా లేదు. తమ్ముడు వెళ్ళేటప్పుడు "కిచెన్‌లో ఎవరో ఏదో నొక్కుతున్నట్టున్నారక్కా" అని అన్నాడు. అప్పుడూ ఊరుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం ప్లగ్గు లాగలేదు.

ఆదివారం మోకాళ్ళకు నూనె రాసుకుంటూ లెక్కలు వేశాను. ఇక లాగను, ఇక అంతా పనిచేస్తుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఎటునుంచి చూసినా బాగానే ఉంది. అయినా ఆవిడ గోటితో కాగితాలు గీకుతున్న చప్పుడు చెవిలోంచి పోలేదు.

సోమవారం ఆరున్నరకు ఫోను మోగలేదు. తొమ్మిదింటికి వెళ్ళేసరికి యజమానురాలు కిచెన్‌లో ఆవిడతో అంటోంది, "చూశారా? గట్టిగా ఒక మాట అంటే గానీ సరిగ్గా పనిచేయలేదు."

ఆవిడ డబ్బా మూత బిగిస్తూ తలెత్తలేదు. ఆ వంగిన మెడ చూశాక ఇక నేను నిలవలేకపోయాను.

"ఆవిడ కాదమ్మా. నేను" అన్నాను. "రోజూ సాయంత్రం ఆ కంప్యూటర్ ప్లగ్గు నేనే లాగేస్తున్నాను. శనివారం తమ్ముడు చెప్తే తెలిసింది. తెలిసి కూడా చెప్పలేదు. కుర్చీ పోతుందని."

యజమానురాలు నా వైపు తిరిగింది. "ప్లగ్గు లాగారా? రోజూ?"

"వైరు చుట్టి కూడా పెట్టాను."

ఆమెకు నవ్వు రాబోయి ఆగింది. కరీంనగర్ ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందుకొచ్చింది.

"నువ్వు గుంజుడు, నేను మాటలు వడుడు. మంచిగున్నదక్కా నీ యవ్వారం! శనివారం ఎరుకైందా నీకు? నేను ఆదివారమంతా పండుకోలే, ఏం నొక్కిన్నో ఏమో అని యాది జేసుకుంట."

"తప్పయింది" అన్నాను.

యజమానురాలు నెమ్మదిగా అంది, "పిన్నిగారి కుర్చీ సంగతి మీరే చెప్పండి. మాట పడ్డది మీరు కదా."

ఆవిడ ఉన్న మూతలన్నీ బిగించింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మోకాళ్ళు సలుపుతున్నా కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. ఆఖరి డబ్బా పెట్టెలో పెట్టి అప్పుడు తిరిగింది.

"కూసోనియ్యిండ్రి. పొయ్యికాడ నిలవెడితే పొద్దుగాల్నుంచి మూలుగుతది, ఎవలింటరు? గని మేడమ్, నన్ను అన్న మాట డ్రైవరు ముంగట అన్నరు. కాదని గూడ ఆయన ముంగటనే చెప్పాలె."

"చెప్తాను" అంది యజమానురాలు. మర్నాడు ఎనిమిదింటికి వచ్చి, వ్యాను తలుపు దగ్గర నిలబడి చెప్పింది కూడా. నేనూ ఆ మాట వినాలని ఆ రోజు పెందలాడే వెళ్ళాను.

"ఇగ నువ్వు. నాకా కంప్యూటర్ అంత నేర్పు. గండ్ల ఏమున్నదో, ఎట్లున్నదో నాకు ఎరుకుంటే, ఎవ్వలన్న ఏమన్న అంటే నేనే చూపెడ్త" అంది ఆవిడ ఆ సోమవారమే నా వైపు తిరిగి.

"నాకే సరిగ్గా రాదే!"

"నీకొచ్చినంతే నేర్పు."

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ నూనె డబ్బా ఒకటి ఈడ్చుకొచ్చి నా కుర్చీ పక్కన వేసుకుంటుంది. స్పెల్లింగులు ఆవిడ చదువుతుంది, ఏ పొడిలో ఏముందో నేను చెబుతాను. మొదటి రెండు రోజులు బిగుసుకుని కూర్చుంది, అడిగినదానికే జవాబు. మూడో రోజు డబ్బాలో సకినాలు తెచ్చి మౌసు పక్కన పెట్టింది. ఇప్పుడు మౌసు నాకంటే వేగంగా తిప్పుతుంది. నిన్న ఏదో లాగబోయి పచ్చళ్ళ ఫోల్డర్ మొత్తం పొడుల ఫోల్డర్‌లో పడేసింది. ఇద్దరం గంటసేపు వెతికాం. దొరికాక మళ్ళీ బయటికి లాగి, తమ్ముడికి చెప్పొద్దని ఒకరికొకరం చెప్పుకుని, మిగిలిన సకినాలు తినేశాం.