నీళ్ళు దూరని డబ్బా కోసం మా టీచరు గారు

మా సైన్సు టీచరు గారు పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం కన్నుమూశారు. ఆవిడ చెల్లెలు గారు ఫోను చేసేసరికి నేను ఆటోనగర్‌లో మా కొట్టు షట్టరు ఎత్తుతున్నాను. "అక్క వెళ్ళిపోయిందమ్మా" అన్నారావిడ. షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. "ఆయన ఒప్పుకోకముందే ఈవిడ పోయారు" అన్న మాటే బుర్రలో తిరిగింది. ఆ ఆయన ఎవరో, ఏం ఒప్పుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. టీచరు గారి గురించి నా దగ్గరున్నవన్నీ మంచి మాటలే. ఆయన గురించి మాత్రం ఒక్కటీ లేదు.

టీచరు గారిది బందరు వైపు చేనేత కుటుంబం. మా గర్ల్స్ హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక బెంజ్ సర్కిల్ వెనక సందులో, ఒక అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో చెల్లెలితో కలిసి ఉండేవారు. షుగరుందని డాక్టరు రోజూ నడవమన్నాడు. "ఊరికే నడవడం నా వల్ల కాదే. నడకకి ఏదో ఒక పని ఉండాలి" అనేవారు. ఆ పని ఆవిడకి ఫోనులో దొరికింది. దాని పేరు జియోకేషింగ్. ఒక చిన్న డబ్బాలో కాగితం చుట్ట పెట్టి ఎక్కడైనా దాచాలి. ఆ చోటు గుర్తులు యాప్‌లో పెట్టాలి. వాటిని పట్టుకుని ఎవరో వెతుక్కుంటూ వస్తారు. డబ్బా దొరికితే కాగితం మీద పేరూ తేదీ రాసి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోతారు. అంతే ఆట.

అరవై నాలుగేళ్ళ మనిషి ఈ ఆట కోసం మొదటిసారి మా కొట్టుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా నాన్న తర్వాత ఆ కొట్టు నేనే చూసుకుంటున్నాను. లారీలకీ ట్రాక్టర్లకీ ఆయిల్ సీళ్ళు, రబ్బరు రింగులు అమ్ముతాం. ఆవిడ సంచీలోంచి ఒక హోమియో మందు సీసా తీసి కౌంటరు మీద పెట్టారు.

"దీని మూతలోకి సరిపోయే రింగు కావాలమ్మాయ్. నీళ్ళు దూరకూడదు."

"ఇంత చిన్నదా టీచరు గారూ? దేనికండీ?"

"దాచడానికి. వర్షంలో ఆర్నెల్లు ఉండాలి."

"మంచి డబ్బాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి కదండీ?"

"పోతే ప్రాణం ఉసూరుమనే డబ్బా బయట దాచలేం. చవగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి. ఆ రెండూ ఒక్కదాంట్లో దొరికించుకోవడమే ఇందులో మజా" అని నవ్వారు.

ఆ తర్వాత రెండేళ్ళూ ఆవిడ సంచీలో ఎప్పుడూ ఏదో ఒక ఖాళీ డబ్బా ఉండేది. నీళ్ళలో వేస్తే బుసబుసమనే విటమిను బిళ్ళల గొట్టం తెచ్చారు. అది మొదటి జల్లుకే ఓడిపోయింది. షుగరు పరీక్ష చేసుకునే స్ట్రిప్పుల డబ్బా నెగ్గింది. మూతలో తేమ పీల్చే మందు కూడా ఉంటుందని ఆవిడ కనిపెట్టారు. అప్పటినుంచి డయాగ్నస్టిక్ సెంటరు వాళ్ళని అడిగి ఖాళీలు తెచ్చుకునేవారు. కూల్‌డ్రింకు సీసాని ఊదకముందు పరీక్షనాళికలా ఉంటుంది చూడండి, ఆ ముడి సీసా దొరికిన రోజు ఆవిడ సంతోషం చెప్పలేను. సీసాలు ఊదే షెడ్డుకి నేనే స్కూటరు మీద తీసుకెళ్ళాను. అక్కడివాళ్ళు గుప్పెడు ఇచ్చారు. ఆవిడ ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎత్తి చూస్తూ, "ఇంత మందం గోడ! ఎండకీ వానకీ చలించదే ఇది" అంటూ పొంగిపోయారు.

పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. డబ్బాలో తెల్లకాగితం, దాని మీద ఒక పొటాషియం పర్మాంగనేట్ పలుకు. మూత పెట్టి బకెట్టు నీళ్ళలో ముంచి, పైన ఇటుక పెట్టి ఒక రోజంతా ఉంచేవారు. తీసి తుడిచి విప్పినప్పుడు కాగితం తెల్లగా ఉంటే పాసు. ఒక్క చుక్క దూరినా ఊదా రంగు పాకిపోయేది. "మూత గట్టిగా పడిందని చెయ్యి ఎన్నైనా చెబుతుందే. అడగాల్సింది నీళ్ళని" అనేవారు.

మైలవరం రోడ్డు మీద ఒక మైలురాయి వెనక, కాలువ గట్టు పార్కులో ఒక బెంచీ కింద, ఇంకా ఏడెనిమిది చోట్ల ఆవిడ డబ్బాలుండేవి. బెంగళూరు నుంచి వచ్చిన ఒక భార్యాభర్తలు పార్కు డబ్బా కనిపెట్టి సంతకాలు పెట్టిన సాయంత్రం నాకు ఫోను చేసి, "దాచానే, దొరికిందే!" అని చిన్నపిల్లలా అరిచారు.

ఇక ఆయన సంగతి. ఆయనది ప్లాస్టిక్ సామాన్ల షాపు. ఉండేది టీచరు గారి అపార్ట్‌మెంటులోనే, మూడో అంతస్తులో. ఆ షాపులో చిన్న క్లిప్పుల డబ్బాలు చూసి, "వాటర్ ప్రూఫ్" అని రాసి ఉంటే, ఆవిడ పన్నెండు కొన్నారు. ఇన్నెందుకని ఆయన అడిగితే ఆట మొత్తం విడమరిచి చెప్పారు. సాయంత్రం వాకింగులో పార్కుకి తీసుకెళ్ళి, బెంచీ కింద ఉన్న డబ్బా తీసి తన చేత్తో చూపించారు కూడా. "భలే వుందండీ టీచరు గారూ" అని ఆయన మెచ్చుకున్నాడట.

ఆ పన్నెండింటిలో పదకొండు బకెట్లో తప్పాయి. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. పదకొండు ఊదా కాగితాలూ తీసుకెళ్ళి, షాపు నిండా జనం ఉండగా కౌంటరు మీద వరసగా పరిచారు. ఆ రోజు పక్కన నేనూ ఉన్నాను.

"డబ్బులు వాపసు ఇచ్చేస్తానండీ" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"డబ్బులు అక్కర్లేదండీ. వాటర్ ప్రూఫ్ అన్న చీటీ తీసేయండి, చాలు. పిల్లల పుస్తకాలు పెట్టుకుంటారు, మందులు పెట్టుకుంటారు."

కొనబోయిన డబ్బాలు ఇద్దరు ముగ్గురు కింద పెట్టేశారు. ఆయన ముఖం మాడిపోవడం నేను చూశాను.

రెండు వారాలు తిరక్కుండా, పార్కులో బెంచీ కింద అనుమానంగా ఏదో డబ్బా ఉందని పోలీసులకి ఫోను వెళ్ళింది. చేసింది ఆయనే. వాళ్ళొచ్చి జనాన్ని దూరం జరిపి తాళ్ళు కట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఫోను వస్తే రావాల్సిందే. టీచరు గారు విషయం తెలిసి చెప్పుల్లేకుండా పరుగెత్తారు. "అది నాదండీ, అందులో కాగితమే ఉందండీ" అని తాడు ఇవతల నుంచి ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. డబ్బాని పగలగొట్టారు. కాగితం బురదలో పడింది. ఆవిణ్ణి జీపు ఎక్కించి స్టేషనుకి తీసుకెళ్ళి, మూడు గంటలు బల్ల మీద కూచోబెట్టి ప్రశ్నలు వేశారు. జీపు ఎక్కుతుంటే ఎవరో వీడియో తీశారు. మర్నాటికి అది ఊరంతా తిరిగింది. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, తల దించుకుని, పైట సర్దుకుంటూ జీపు ఎక్కడం, నేనూ మా కొట్టులో నిలబడి నా ఫోనులో చూశాను.

ఆయన్ని అడిగితే, "నాకేం తెలుసండీ, జాగ్రత్త కోసం చేశా" అన్నాడు.

ఆ రోజే వెళ్ళి ఆయన షాపు అద్దాలు పగలగొట్టి వద్దామన్నాను. నిజంగానే అన్నాను, కొట్టులో రెంచీ కూడా తీశాను. టీచరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "అద్దం పగిలితే ఆయన మీద అందరికీ జాలి పుడుతుంది. నాకది ఇష్టం లేదు" అన్నారు. క్షమించారేమో అనుకుని నాకు ఆవిడ మీదే కోపమొచ్చింది. ఆవిణ్ణి నేను తక్కువ అంచనా వేశాను.

ఆ ఏడాది మా పాత స్కూల్లో సైన్సు ఎగ్జిబిషనుకి ఆవిడ తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక ప్రయోగం చేయించారు. బజార్లో దొరికే డబ్బాల్లో నీళ్ళు దూరనివి ఏవి? ఇరవై రకాల డబ్బాలు, ఇరవై బకెట్లు. చీఫ్ గెస్టుగా ఎవర్ని పిలుద్దామని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగితే, స్కూలుకి మంచినీళ్ళ డ్రమ్ములిచ్చిన దాత ఉన్నారుగా అని టీచరు గారే ఆయన పేరు చెప్పారట. ఆయన శాలువా కప్పించుకుని, నవ్వుకుంటూ వచ్చాడు. రెండు జడల అమ్మాయి ఒకతె బకెట్లోంచి క్లిప్పుల డబ్బా తీసి తుడిచి ఆయన చేతికిచ్చింది. ఆ పిల్లకి పాత కథేమీ తెలియదు.

"సార్, ఇది మీ షాపుదేనండీ. మీరే తీయండి సార్."

ఆయన తీశాడు. కాగితం మొత్తం ఊదా. ఆయన వేళ్ళకి కూడా అంటింది. చూడ్డానికొచ్చిన తల్లులందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. టీచరు గారు దూరంగా కిటికీ దగ్గర కూచుని టీ తాగుతున్నారు. నవ్వలేదు. కప్పు ఖాళీ అయ్యేదాకా ఆయన వైపే చూశారు.

తర్వాత కొన్నాళ్ళకి ఆయన తన డబ్బాల మూతలకి మంచి రబ్బరు రింగుల కోసం ఆటోనగరంతా తిరిగి మా కొట్టుకీ వచ్చాడు. వెనక అల్మరా నిండా రింగులే ఉన్నాయి. "స్టాకు లేదండీ" అన్నాను, ఆయన కళ్ళలోకి చూసి. ఆ రోజు మధ్యాహ్నం అన్నం రుచిగా అనిపించింది. సిగ్గుపడాల్సిన మాటేమో, కానీ నిజం.

టీచరు గారు మళ్ళీ డబ్బాలు దాచారు గానీ, ఆ పార్కులో మాత్రం అడుగు పెట్టలేదు. ఈ ఏడాది కిడ్నీలు పాడై ఆసుపత్రిలో చేరారు. ఆయన యాపిల్ పళ్ళు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను.

"జరిగిందేదో జరిగిపోయిందండీ టీచరు గారూ. మనసులో పెట్టుకోకండి."

ఆవిడ కళ్ళు తెరిచి మెల్లగా అడిగారు. "ఆ డబ్బా నాదని మీకు అప్పుడు తెలుసా, తెలియదా?"

ఆయన పళ్ళ సంచీ బల్ల మీద సర్దాడు. కిటికీలోంచి చూశాడు.

"తెలుసు అనండి. అంతే చాలు నాకు."

"రెస్టు తీసుకోండి" అని లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ పళ్ళు నేను తీసుకెళ్ళి కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చేశాను.

సంతాప సభ మా స్కూల్లోనే పెట్టాం. పాత విద్యార్థినులు వందమంది దాకా వచ్చారు. చెప్పులన్నీ వరండాలో విప్పి హాల్లో కూచున్నాం. ఎవరూ పిలవకపోయినా ఆయన వచ్చాడు, మైకు కూడా అందుకున్నాడు. ఆవిడ తనకి సోదరి లాంటిదన్నాడు. "మధ్యలో ఒక చిన్న పొరపాటు జరిగినా..." అన్నాడు.

నేను లేచాను.

"పొరపాటాండీ? ఆవిడ మిమ్మల్ని ఆసుపత్రిలో ఒక మాట అడిగారు. జవాబు చెప్పకుండా వచ్చేశారు. ఇప్పుడు చెప్పండి. ఆ డబ్బా ఎవరిదో, దాంట్లో ఏముందో మీకు తెలిసే ఫోను చేశారా?"

ఎవరో నా కొంగు పట్టి కూచోమని లాగారు. కూచోలేదు. ఆయన మైకు కిందకి దించాడు, అయినా అది ఆ మాటని పట్టుకుంది.

"తెలుసమ్మా. కోపంలో చేశాను."

చెప్పి మా అందరి ముఖాల్లోకీ చూశాడు. ఫర్లేదులెండి అని ఎవరో ఒకరు అంటారని ఎదురు చూశాడనుకుంటాను. ఎవరూ అనలేదు. ముందు వరసలో ఉన్న టీచరు గారి చెల్లెలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అంతే. ఆ మాట ఆవిడ బతికుండగా, ఒక్క మనిషికి చెబితే సరిపోయేది. ఇప్పుడు వందమందికి చెప్పినా వినాల్సిన మనిషి లేదు. నా కడుపు చల్లబడిందా అంటే, కొంచెం చల్లబడింది. మిగతాది అలాగే ఉంది. ఉండనీ.

ఆయన మైకు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. బయట వాన మొదలైంది. జల్లు వరండాలోకి కొడుతోంది. నేనూ గాలి కోసం గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాను. ఆయన వంగి, తడిసిన వంద జతల ఆడవాళ్ళ చెప్పుల మధ్య తన చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. ఒకటి తిరగేసి చూస్తాడు, కాదు. ఇంకొకటి తీస్తాడు, కాదు. అవి నా పక్కనే, బెంచీ కిందకి జరిగి ఉన్నాయి, నల్ల తోలు చెప్పులు. ఆయన తలెత్తి ఒకసారి నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. కాసేపు వెతికి, ప్యాంటు అంచులు పైకి మడిచి, ఉత్తి కాళ్ళతో వానలోకి దిగి, స్కూలు గ్రౌండులో బురద దాటుకుంటూ గేటు దాకా నడిచాడు. గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను.