ఉప్పు అడిగితే లేదన్న ఊరు

1948. మిరుగు కార్తె వెళ్లి తొలకరి వానలు పడుతున్న రోజులు. లింగంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న చిన్న దవాఖానలో నేను నర్సుగా చేసేదాన్ని. డాక్టరుగారు పట్నం నుంచి రైల్లో వచ్చి పోయేవారు. మిగతా వేళల్లో ఆ దవాఖానకు నేనే దిక్కు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. అందరికీ నేను నర్సమ్మనే.

ఆ ఏడాది మా రాజ్యానికీ, చుట్టూ ఉన్న ఇండియా యూనియన్‌కూ పొసగలేదు. ఇప్పటి పిల్లలకు చెప్తే వింతగా చూస్తారు గానీ, హైదరాబాదు అప్పటికింకా వేరే రాజ్యం. అటువాళ్లు సరుకు లోపలికి రానివ్వలేదు. ఇటువాళ్లు కూడా తక్కువ తినలేదు, కొన్ని వస్తువులు బయటికి పోకుండా బిగించారు. మాకు సముద్రం లేదు కనుక ఉప్పురాయి కూడా పొరుగు నుంచి రావలసిందే. కిరసనాయిలు, పెట్రోలు, మందులు, అన్నిటికీ కటకటే.

నాకు మొదటి నుంచీ జనం మాటలు వినడమంటే సరదా. దవాఖాన అరుగు మీద కూర్చుంటే చాలు, సరిహద్దులో ఏం జరుగుతోందో కళ్లతో చూసినట్టు చెప్పేవాళ్లకు కొదవ లేదు. స్టేషన్ హమాలీ ఒకడు ఉప్పు వ్యాగన్లు బారులు తీరి ఆగిపోయి, వానకు కరిగి వాగులై పారుతున్నాయని చెప్పేవాడు. వాడు శంకర్‌పల్లి దాటి ఎరగడు. ఒక ముసలమ్మ మన ఉప్పంతా వాళ్లే తినేస్తే వాళ్లకు దాహం వేయదా అని నన్నడిగింది. అయితే, ఎవరి పక్షమని అడిగితే మాత్రం అందరూ నోరు మూసుకునేవారు. ఆ మాటకు జవాబు చెప్పడానికి భయపడే రోజులవి. కానీ చప్పటి పప్పు తినేవాడికి ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా. సరిహద్దు దూరం. ఊళ్లో దుకాణం దగ్గర.

కొత్తగూడలో ఆ దుకాణం రాజలింగానిది. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన ఆ చోటు అప్పుడు గుట్టల మధ్య ఒక చిన్న పల్లె. నేను అక్కడికి ఆ రోజు ఇనాక్యులేషన్‌కు వెళ్లాను. ఇనాక్యులేషన్ అంటే గత్తర రాకుండా ముందుగా వేసే సూది. కలరాను మా వైపు గత్తర అంటారు. పక్క ఊళ్లలో రెండు మూడు చోట్ల గత్తర తగిలిందని కబురొస్తే, ఉన్న కాస్త మందు తీసుకుని ఎడ్లబండి ఎక్కాను. బండి తోలింది పోచయ్య. దారి పొడుగునా యుద్ధం గురించి నాకు పాఠం చెప్పాడు, ఎద్దులకు కూడా చెప్పాడు.

మధ్యాహ్నం దాకా సూదులు వేశాను. ఊళ్లో ఒక్కరికీ జబ్బు లేదు. హమ్మయ్య అనుకుని సామాను సర్దుతుంటే రాజలింగం పరుగెత్తుకొచ్చాడు. భార్య సత్తెమ్మకు పొద్దుటి నుంచి వాంతులు, విరేచనాలు అన్నాడు. పొద్దుటి నుంచి ఊళ్లోనే ఉన్నాను కదా, ఇప్పుడా చెప్పేది అని కసిరాను. తమ ఇంటికి నన్ను రానిస్తారో లేదోనని తటపటాయించాడట. ఎవరు రానివ్వరో నాకర్థం కాలేదు.

సత్తెమ్మను చూడగానే సంగతి తెలిసిపోయింది. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి. చేతి మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలబడింది. దీన్ని మేము డీహైడ్రేషన్ అంటాం, అంటే ఒంట్లో నీరు అయిపోవడం. పల్స్ కోసం మణికట్టు పట్టుకుంటే దారపు పోగులా తగిలీ తగలకుండా ఉంది. దీనికి అసలు మందు సెలైన్. శుద్ధమైన ఉప్పు కలిపిన నీళ్లను సీసాతో నరంలోకి ఎక్కించడం. దవాఖానలో ఒక్క సీసా కూడా లేదు. డాక్టరుగారికి స్టేషన్ నుంచి తంతి కొట్టించమని పోచయ్యను ఉన్నపళంగా లింగంపల్లికి తరిమాను. వాడు తిరిగొచ్చి, డాక్టరుగారు తెల్లవారి పట్నం నుంచి తెస్తానని కబురంపారని చెప్పాడు. అంటే తెల్లారేదాకా ఈ మనిషిని నేను నిలబెట్టాలి.

నోటి ద్వారా ఉప్పు గంజి పట్టించడాన్ని ఆ రోజుల్లో ఎవరూ వైద్యం అనేవారు కాదు. అసలు మందు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేక చేసే పని. గత్తరలో ఒంట్లో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఒట్టి నీళ్లు పోస్తే నిలవవు. అందుకని గంజి కాచి, ఉప్పు తెమ్మన్నాను.

రాజలింగం కదల్లేదు. ఇంట్లో లేదన్నాడు. దుకాణంలో తెమ్మన్నాను. అక్కడా లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. పెళ్లాం ప్రాణం పోతుంటే కూడా దాచుకుంటావా అని అరిచాను. అతను నా చేయి పట్టుకున్నంత పని చేసి దుకాణంలోకి తీసుకెళ్లి గోనెసంచులు దులిపి చూపించాడు. వంటింట్లో ఉప్పు జాడీ చూపించాడు. జాడీని ఎప్పుడో కడిగి, ఆ కడుగు నీళ్లు కూడా పప్పులో పోసుకున్నారట. లోపల తడి వాసన తప్ప ఏమీ లేదు.

సరే, ఊళ్లో అడుగుదామని వీధిలోకి వచ్చాను. అప్పటికి పొద్దు వాలి ఇళ్లల్లో దీపాలు పెట్టారు. ఏ గడపలో అడిగినా ఒకటే మాట, ఉప్పు లేదని. వాళ్లు చెప్పే తీరు చూస్తే లేకపోవడం కాదు, ఇవ్వకపోవడం అని తెలుస్తోంది. చివరికి మల్లమ్మ ఇంటి ముందు ఆగాను. మల్లమ్మ కూరగాయలు పండించి అమ్ముకునే మనిషి. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆమె మాటే మాట. తలుపుకు అడ్డంగా నిలబడి నిదానంగా చెప్పింది.

"దీపం ముట్టిచ్చినం నర్సమ్మా. పొద్దుగూకినంక ఉప్పు గడప దాటనియ్యం. పట్టపగలైనా ఆ ఇంటికైతే ఇయ్య."

దీపాలు పెట్టాక ఉప్పు బయటికి ఇస్తే లక్ష్మి వెళ్లిపోతుందని మా అమ్మ కూడా ఇచ్చేది కాదు. ఆ ఆచారంతో నాకు పేచీ లేదు. రెండో మాట సంగతేంటో తెలుసుకోవాలనిపించింది. అడిగితే కథంతా చెప్పింది. రాజలింగం సంచుల కొద్దీ ఉప్పు దాచి, ధర పెరిగాక అమ్ముదామని చూస్తున్నాడని ఊరి నమ్మకం. కరువు మొదలైన దగ్గర నుంచీ అతను లేదు లేదు అంటూనే ఉన్నాడు, వీళ్లు ఉంది ఉంది అంటూనే ఉన్నారు. అతని దుకాణంలో ఆవగింజ కూడా కొనడం మానేశారు. మాటలు కట్ చేశారు. సత్తెమ్మ బావి దగ్గరకు వస్తే అందరూ మూతి ముడుచుకుని, ఆమెకు చేదడానికి వంతు రాకుండా చేశారు. కొన్నాళ్లకు ఆమె బావికి రావడమే మానేసిందట. మల్లమ్మ ఇదంతా కొంచెం గర్వంగానే చెప్పింది.

నా బుర్రలో సాయంత్రం నుంచీ ఒకటే ప్రశ్న తిరుగుతోంది. ఊరంతా బాగుంటే గత్తర ఈ ఒక్క ఇంటికే ఎందుకొచ్చింది? ఒకే గాలి, ఒకే వాన, ఒకే రకం తిండి. అప్పుడు గుర్తొచ్చింది, తాగే నీళ్ల గురించి నేనింకా ఎవరినీ అడగలేదు. బావికి రాకపోతే మరి నీళ్లెక్కడివి అన్నాను. బర్రెలు పడుకునే కుంటలోంచి ముంచుకుంటోందని మల్లమ్మే చెప్పింది. చెప్తూ చెప్తూ గొంతు తగ్గించింది.

"గందుకే అక్కా, ఊర్ల అందర్ని ఇడిసిపెట్టి ఆమెకే వచ్చింది గత్తర" అన్నాను. మల్లమ్మ నా వంక చూడలేదు, తలుపు మూసింది.

తిరిగొచ్చి చప్పటి గంజే చెంచాతో పట్టించడం మొదలుపెట్టాను. సత్తెమ్మ మింగిందంతా కక్కేస్తోంది. కాళ్ల పిక్కలు పట్టేసి నొప్పికి మెలికలు తిరుగుతోంది. ఆ గంటలో నాకు భయం వేసింది, ఆ ఊరి మీద అసహ్యం కూడా వేసింది. ఉన్నమాట చెప్పడానికేం సిగ్గు.

అంతలో అరుగు మీద ఎవరో దగ్గిన చప్పుడైంది. మల్లమ్మ. చేతిలో విస్తరాకు కప్పిన ముంత. గంజి తెచ్చింది. గంజి నా దగ్గరా ఉంది కదా అనుకుంటూనే చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు రాసుకున్నాను. ఉప్పగా ఉంది. బాగా ఉప్పగా ఉంది.

"ఉప్పియ్యనంటివి గద అక్కా?"

"ఉప్పియ్యనన్న. గంజి ఇయ్యనన్ననా?" అంది ముఖం చిట్లించి. తర్వాత నా భుజం మీదుగా లోపలికి, మంచం వైపు చూసింది. "నా కొట్లాట ఆయన తరాజుతోని నర్సమ్మా. ఆమె మంచంతోని కాదు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నిజమే. దీపాలు పెట్టాక ఉప్పు గడప దాటకూడదు గానీ, ఉప్పు వేసి వండింది దాటవచ్చు. పొరుగింటికి కూర పంపితే ఏ లక్ష్మికీ కోపం రాదు. అది మా అమ్మా చేసేది. మల్లమ్మ ఆ రాత్రి లోపలికి రాలేదు. వీధిలోకి నడిచింది. ఒక్కో ఇంటి ముందు ఆగి, ఉప్పు మాట ఎత్తకుండా, గంజి ఉంటే జర ఉప్పగా కాచి ఇవ్వమని చెప్పడం నాకు వినపడింది.

గంజి రావడం మొదలైంది. ముంతల్లో, గిన్నెల్లో, ఒక ఇంటి నుంచి కుండతో సహా. ఎవరూ గడప ఎక్కలేదు. గత్తర భయం కొంత, బెట్టు కొంత. అరుగు మీద పెట్టి, దగ్గి, వెళ్లిపోయేవారు. నేను ఒక్కోదాన్ని రుచి చూసి, కాచిన నీళ్లు కలిపి పలచన చేసి, మళ్లీ మరిగించేదాన్ని. ఉప్పు మరీ ఎక్కువైనా ముప్పే కనుక నాలుకే నా కొలత. ఆ రుచులు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకదానిలో రాళ్ల ఉప్పు. ఒకదానిలో చౌడు మట్టి నుంచి తీసిన చేదు ఉప్పు. దాన్ని పక్కన పెట్టేశాను. ఒకదానిలో మామిడికాయ వాసన. ఆ ఇల్లాలు పాత తొక్కు జాడీని కడిగి పంపింది, ఆమెకు నిజంగానే ఉప్పు లేదన్నమాట. ఉప్పు మొహం చూసి ఎన్నాళ్లయిందో అని మధ్యాహ్నం నా ముందు కళ్లొత్తుకున్న ఒకావిడ గిన్నె మాత్రం అన్నిటికన్నా ఉప్పగా ఉంది. ఎవరి గుట్టు ఎంతో నా నాలుకకు తెలిసిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు.

రాజలింగం పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. చెంచా చెంచా పట్టించడం, కక్కితే కాసేపు ఆగడం, మళ్లీ పట్టించడం. కక్కినదానికన్నా నిలిచింది ఎక్కువ కావడం మొదలైంది. కోడి కూసే వేళకు సత్తెమ్మ ఒంటికి పోసింది. అది చూసి నేను పడిన సంబరం చెప్తే బయటివాళ్లు నవ్వుతారు. మూత్రపిండాలు మళ్లీ పని మొదలెట్టాయని దానికి అర్థం. పల్స్ వేలికి ఆనింది, లెక్కపెట్టగలిగాను.

తెల్లవారాక మల్లమ్మ ముంత కోసం వచ్చింది. ఈసారి గడప దాటింది. వంటింటి గుమ్మంలో నిలబడి, బోర్లించిన ఉప్పు జాడీ వైపు చూసింది. దుకాణంలోకి తొంగి చూసింది. దులిపి మడిచిన గోనెసంచులు చూసింది. నిజంగానే లేదా అని రాజలింగాన్ని అడిగింది.

"మొదటి సంది చెప్తనే ఉన్న గద అక్కా" అన్నాడతను. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నాడు.

మల్లమ్మ తప్పయిందని అనలేదు. ఆ వంశంలోనే లేదట ఆ మాట. తన ముంత అక్కడే వదిలేసి, సత్తెమ్మ బిందె చంకనెత్తుకుని బావి వైపు వెళ్లింది.

సత్తెమ్మ అప్పుడే కళ్లు తెరిచింది. ఇంకో చెంచా పోస్తే చప్పరించి, నా వైపు అనుమానంగా చూసింది. ఇంట్లో లేని రుచి కదా.

"ఉప్పు యాడిది నర్సమ్మా?"

"ఊరిది" అన్నాను.

ఆమె పైకప్పు వైపు చూసింది. రెండు కళ్ల చివరల నుంచీ నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. తుడవబోయిన రాజలింగం చెయ్యి పట్టుకుని ఆపాను. ఒంట్లో నీరు అయిపోయిన మనిషికి ఎంత దుఃఖం వచ్చినా కన్నీళ్లు రావు. పట్నం నుంచి సెలైన్ సీసా రాకముందే, ఆ తడి చూసి నాకు తెలిసిపోయింది, సత్తెమ్మ బతికిందని. ఏడవనిమ్మన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను, ఎంతోమంది చిన్న నర్సులకు పని నేర్పాను. రోగి దగ్గర వివరాలు రాబట్టడాన్ని మేము హిస్టరీ అంటాం. ఏం తిన్నారు, ఎక్కడి నీళ్లు తాగారు, ఎప్పటి నుంచి అని అడుగుతాం. నేను వాటన్నిటికన్నా ముందు, ఈ మనిషితో ఎవరెవరు మాట్లాడడం మానేశారని అడగమనేదాన్ని. పిల్లలు నవ్వేవారు. వాళ్లు నవ్వినా సరే, అడిగితే చాలాసార్లు జబ్బు అక్కడే దొరికేది.