తూకం అన్నయ్య చెప్పిన తప్పు

మావారు బోర్డులు రాసే పెయింటరు. ఆయన స్నేహితుడు రంగుల దుకాణంలో రంగులు కలుపుతాడు. రంగైనా మాటైనా ఒక్క చుక్క అటూ ఇటూ కానివ్వడు కాబట్టి నేనతన్ని తూకం అన్నయ్య అంటాను. గంతకు తగ్గ బొంత. ఇద్దరూ ఎదుటి మనిషి మొహంలోకి చూసి మాట్లాడరు, కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుంటారు. మా అత్తగారు దీన్ని పెంకితనం అనేవారు. వీళ్ల మెదడు తీరే వేరని ఒక డాక్టరమ్మ చెప్పాక నేను ఇద్దరితోనూ వాదించడం మానేశాను.

ఆదివారం వస్తే అన్నయ్య మా ముందుగదిలో మావారికి ఎదురుగా కాక పక్కన కూర్చునేవాడు. ఈయన బ్రష్షులు కడుక్కుంటుంటే అతను రంగుల చీటీలు తిరగేసేవాడు. మధ్యమధ్య ఒకరి తప్పు ఒకరు దిద్దేవారు.

"అది ఎరుపు కాదు, ఇటుక రంగు."

"తడి ఇటుకకి ఆ రంగుండదు."

చూసేవాళ్లు పోట్లాట అనుకునేవారు. వాళ్ల కుశలప్రశ్నలు అవేనని తెలియడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది.

పోయిన వానాకాలంలో మావారికి పక్షవాతం వచ్చింది. చెయ్యి కొద్దికొద్దిగా స్వాధీనంలోకి వచ్చింది కానీ మాట రాలేదు. మాటలు లోపలే ఉన్నాయి, ఆలస్యమయ్యేకొద్దీ బయటికి రావడం కష్టం అన్నాడు డాక్టరు. ఇంక చూడవచ్చిన ప్రతివాళ్లూ పరీక్ష పెట్టడమే. "నేనెవర్ని? చెప్పు చూద్దాం," అని మా ఆడపడుచు గడ్డం పట్టుకుని అడిగేది. ఆయనకు చెమటలు పట్టేవి. నేనూ తక్కువ తినలేదు. అందరూ వెళ్లాక అదే ప్రశ్న అడిగేదాన్ని.

అన్నయ్య వచ్చినరోజు ఎలా ఉందని అడగలేదు. గోడగడియారం తీసుకెళ్లి వంటింట్లో పెట్టాడు. దాని టిక్కుటిక్కు మావారికి పడదని ఆ గదిలో పడుకోబెట్టిన నాకే తట్టలేదు. తర్వాత పక్కన కూర్చుని రంగుల సంగతులు మొదలుపెట్టాడు.

మా ఆడపడుచు నా దగ్గరికొచ్చి గొణిగింది. "ప్రాణస్నేహితుడట. ఒక్క ధైర్యం మాట లేదు. రాతిగుండె."

"మన ధైర్యం మాటలకి ఆయనకి చెమటలు పట్టడమేగా వదినా," అన్నాను.

అన్నయ్య రోజూ వచ్చాడు. మావారు కళ్లు మూసుకుని హాయిగా వినేవారు. మాట మాత్రం లేదు. ఇక రాదేమోనని నాకు భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం అన్నయ్య గొంతు తేడాగా వినిపించి గుమ్మం దగ్గరికి వెళ్లాను. చొక్కా అంచు నలుపుతున్నాడు.

"నీలంలో పసుపు కలిపితే..." ఆగాడు. "నారింజ రంగు వస్తుంది."

మావారు కళ్లు తెరిచారు. పెదవులు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి. అన్నయ్య తొందరపెట్టలేదు. గోడవైపు చూస్తూ, "నారింజే," అన్నాడు మళ్లీ.

"ఆ... ఆకుపచ్చ," అన్నారు మావారు.

"అవును. ఆకుపచ్చ."

నాకు ఏడుపు ఆగలేదు. కట్టుకున్న నేనెవరో చెప్పని మనిషి రంగు పేరు చెప్పాడని కాస్త ఉక్రోషం కూడా వచ్చింది, దాచడమెందుకు.

వెళ్లిపోతున్న అన్నయ్యని గుమ్మంలో ఆపాను. అతను తలుపు గడియ వైపు చూస్తున్నాడు. చొక్కా అంచు ఇంకా నలుపుతూనే ఉన్నాడు.

"తప్పని తెలిసీ చెప్పానమ్మా. ఇంతకుముందెప్పుడూ చెప్పలేదు," అన్నాడు. చెప్పులు వేసుకుని, రెండడుగులు వేసి ఆగాడు.

"రేపటికి ఇంకో తప్పు వెతకాలి."